మూడుకు జోడీ పద్నాలుగు

పిల్లల కోసం నేను ఒకే ఒక్క పుస్తకం తయారు చేశాను. పదహారు పేజీలు, రంగుల బొమ్మలు, నడుమ రెండు పిన్నులు. ఒకరి పండుగను ఇంకొకరు గౌరవించాలని చిన్నపిల్లలకు చెప్పే పుస్తకం. చదివినవాళ్లు చాలా మంచి మనసుతో రాశావన్నారు. మనసు సంగతి నాకు తెలియదు గానీ, ఆ పుస్తకాన్ని నేను పగతో తయారు చేశాను. అక్షరాల సైజు నుంచి పిన్ను ఎక్కడ పడాలన్నదాకా పగతోనే ఆలోచించాను. నా పనుల్లో తప్పు లేకుండా వచ్చిన పని అదొక్కటే.

పగ ఎవరి మీదో ముందు చెప్పాలి.

మాది జమ్మలమడుగుకూ ముద్దనూరుకూ నడుమ ఒక ఊరు. గొర్రెలు మేపే ఇల్లు. ఇప్పుడు కొంత శనగ కూడా వేస్తాం. ఊళ్లో ముస్లిం ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. పీర్ల చావిడి మాత్రం పెద్దది. మా అవ్వకు పుట్టిన పిల్లలు నిలవకపోతే ఆ చావిడి ముందు మొక్కుకుందట. తర్వాత పుట్టి నిలిచినవాడు మా నాయన. అందుకే ఆయన పేరులో పీరు పేరుంది. అందుకే ఏటా పీర్ల పండుగలో ఒక పీరును ఎత్తుకునేది ఆయనే. పీరంటే ఇత్తడి రేకుతో చేసిన గుర్తు. దాన్ని పొడవాటి కర్రకు బిగించి, భక్తులు తెచ్చిన రంగు గుడ్డలు చుడతారు. చావిడి ముందు గుంత తవ్వి నిప్పులు పోస్తారు. మా నాయన స్నానం చేసి, తడి తలతో, చెప్పుల్లేకుండా, ఆ పీరును రొమ్ముకు ఆనించుకుని నిప్పుల గుండం చుట్టూ తిరుగుతాడు. పండుగ అయ్యేదాకా మా ఇంట్లో మాంసం వండరు. చావిడి చూసుకునే ముజావరు మా ఇంటి పక్కనే ఉంటాడు. ఆయన్ను మా నాయన ‘మామా’ అంటాడు. ఆయన మా నాయనను ‘అల్లుడా’ అంటాడు. ఎట్లా మామ అయ్యాడో ఎవరూ అడగలేదు. పీర్ల పండుగకు మా ఇంటి పిల్లల మెడలో ఎర్రదారం కట్టేది కూడా ఆయనే.

నన్ను జమ్మలమడుగులో ఒక ప్రైవేటు బడిలో చేర్చారు. బడి పెట్టినాయనే పాఠాలు కూడా చెప్పేవాడు. ఇస్త్రీ చెదరని తెల్లచొక్కా, చేతిలో రుమాలు. సుద్దముక్క పట్టుకున్న ప్రతిసారీ వేళ్లు తుడుచుకునేవాడు. హాజరు పుస్తకంలో నా పేరు పక్కన మా నాయన పేరు వచ్చినప్పుడల్లా ఒక క్షణం ఆగి, నవ్వి, అప్పుడు నన్ను పిలిచేవాడు. ఆ నవ్వు అర్థం కావడానికి నాకు కొంతకాలం పట్టింది. క్లాసుకు మాత్రం వెంటనే అర్థమైంది.

ఐదో తరగతిలో ఒకరోజు, ‘మా ఇంటి పండుగ’ అని బొమ్మ గీసుకురమ్మన్నాడు. బాగున్నవి గోడకు అంటిస్తానన్నాడు. నేను మా నాయనను గీశాను. చేతిలో పీరు, చుట్టూ నిప్పులు, పక్కన ముజావరు తాత. పీరు గుడ్డలకు రంగులు వేయడానికి పక్కింటి అక్క దగ్గర స్కెచ్ పెన్నులు అడిగి తెచ్చుకున్నాను. సారు ఆ కాగితం చేతిలోకి తీసుకుని కాసేపు చూశాడు.

“ఇదెవురురా?”

“మా నాయన సార్.”

“మీరు గొర్రెలోళ్లు గదరా. సాయిబులెప్పుడైనారు?”

క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వు ఆగేదాకా ఆగాడు. ఆగి, కాగితాన్ని అడ్డంగా చించాడు. రెండు ముక్కలనూ కలిపి నిలువుగా చించాడు. నాలుగు ముక్కలు నా చేతిలో పెట్టి, రుమాలుతో వేళ్లు తుడుచుకున్నాడు. బల్ల మీది కత్తెర తీసుకుని నా మెడలో దారం కూడా కత్తిరించాడు. “రేపు మీ నాయన్ను తీసుకరా,” అన్నాడు.

మా నాయన వచ్చాడు. చెప్పులు మెట్ల కింద వదిలాడు. భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. సారు కూర్చోమనలేదు. అన్న మాటలు ఇవి:

“ఏమప్పా, కొడుకు బాగుపడాలని ఉండాదా లేదా?”

“ఉండాది సామీ.”

“అయితే ఈ దారాలు, పీర్లు మానిపించు. ఎవురి దేవుడు వాళ్లకుండాడు. నువ్వు గొర్రెలు మేపేటోనివే గదా. ఏ మంద గొర్రె ఆ మందలోకి పోతాది. గొర్రెకు తెలిసినంత గూడ నీకు తెలీదా?”

మా నాయన తల ఊపాడు. “సరే సామీ,” అన్నాడు. తెగిన దారం ఏదని నన్నడిగి తీసుకుని జేబులో వేసుకున్నాడు. సాయంత్రం ముజావరు తాత ఆ దారం చూసి, “తెగితే ఏమాయ, ఇంకోటి కడతా రా,” అని నా మెడలో కొత్తది కట్టాడు. ఆయనకు అది అక్కడితో అయిపోయింది. మా నాయనకూ అయిపోయిందనే అనుకుంటాను. ఆ ఏడు కూడా ఆయన పీరు ఎత్తుకున్నాడు.

నాకు మాత్రం అయిపోలేదు. ఆయన పక్కన తల వంచుకుని నిలబడి విన్నవాణ్ణి నేను. తిరిగి చెల్లించాల్సినవాటిని వరసగా మనసులో పెట్టుకున్నాను: చించిన కాగితం, కత్తిరించిన దారం, పేరు దగ్గర నవ్వు, కుర్చీ, గొర్రె మాట. పులివెందులలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు ఆ వరస కొంత పలచబడుతుందనుకున్నాను. పలచబడలేదు. ఎందుకంటే ఆ సారు బడి కూడా నా వెంట పెరుగుతూ వచ్చింది. ప్రొద్దుటూరులో ఒకటి, పులివెందులలో మరొకటి పెట్టాడు. కాలేజీకి పోయే దారిలో బోర్డు మీద ఆయన ఫోటో ఉండేది. చేతులు కట్టుకుని నవ్వుతూ ఉండేవాడు. పోతూ చూసేవాణ్ణి, వస్తూ చూసేవాణ్ణి.

చదువయ్యాక ప్రొద్దుటూరులో ఒక ఆఫ్‌సెట్ ప్రెస్సులో చేరాను. చేరింది మిషన్లు చూసుకోవడానికే. తర్వాత కంప్యూటర్లో పేజీలు అమర్చడం, బొమ్మలు వేయడం కూడా నాకే వచ్చి పడ్డాయి. పెళ్లి కార్డులు, బంగారు అంగళ్ల క్యాలెండర్లు, బడుల డైరీలు. ఒక మధ్యాహ్నం మిషన్ రోలర్ కడుగుతున్నాను. తెల్లచొక్కా లోపలికి వచ్చింది. జుట్టుకు నల్లరంగు వేసుకుని ఉన్నా, చేతిలో రుమాలు చూడగానే గుర్తుపట్టాను.

వచ్చే ఏడు అడ్మిషన్లకు ఒక చిన్న పుస్తకం కావాలన్నాడు. ప్రొద్దుటూరు బడిలో పిల్లల తల్లిదండ్రుల్లో ముస్లింలు చాలామంది. వాళ్లకు నచ్చాలి. పుస్తకాలు పంచే సభకు పెద్ద గెస్టు వస్తున్నాడు. ఆయనకూ నచ్చాలి.

“సర్వమతాల పుస్తకమన్నమాట,” అన్నాడు మా ఓనరన్నతో. “రంజానుకు ఒక బొమ్మ, క్రిస్మస్‌కు ఒక బొమ్మ, మన పండగలకు నాలుగు. ఎవురిది వాళ్లకు. గుడి ఒక పేజీలో, మసీదు ఒక పేజీలో, చర్చి ఒక పేజీలో. కలగాపులగం చేయొద్దండి. ముందర నా ఫోటో, నా సందేశం. తెరవంగానే కుడిచేతి పక్క రావాల.”

“మూడో పేజీ అవుతాది సార్,” అన్నాను నేను.

“రాసేదెవురు?”

“మావాడే సార్,” అన్నాడు ఓనరన్న. “ఇంజనీరింగ్ చేసినాడు. బొమ్మలు గూడ వాడే యేస్తాడు.”

“ఏ ఊరప్పా నీది?”

“ముద్దనూరు పక్క సార్.”

“మన పక్కోడే! మా జమ్మలమడుగు బళ్లో గాని చదివినావా ఏంది?”

“కొన్నాళ్లు చదివినా సార్.”

“చూస్తివా,” అని ఓనరన్న వైపు తిరిగాడు. “మన బళ్లో చదివినోళ్లు యాడున్యా బాగుపడ్తారు.” నా భుజం తట్టి, చేతికి అంటిన ఇంకు రుమాలుతో తుడుచుకున్నాడు.

నన్ను గుర్తుపట్టలేదు. ఆయనకు గుర్తుండటానికి నేనేం చేశాను కనుక. పని చేసింది ఆయన.

ఆ రాత్రే పుస్తకం నా తలలో తయారైంది. ఒక పాప ఏడాది పొడుగునా పక్కిళ్లకు పోతుంది. గోడ మీదుగా రంజాను సేమ్యా గిన్నె వస్తుంది. క్రిస్మస్‌కు ఎదురింటి మిద్దె మీద కాగితపు నక్షత్రం వెలుగుతుంది. దసరాకు ప్రొద్దుటూరు వీధుల్లో నాయన భుజమెక్కి అమ్మవారి ఊరేగింపు చూస్తుంది. ఇవన్నీ సారు చెప్పినట్టే వేశాను. పదమూడు, పద్నాలుగు పేజీలు నావి. పదమూడులో చావిడి ముందు గుండం తవ్వుతుంటారు. పద్నాలుగులో మా నాయన. కింద నాలుగు వాక్యాలు: ‘మా నాయన పీరును ఎత్తుకుంటాడు. పక్కింటి తాత దారి చూపిస్తాడు. మా అవ్వ అందరికీ పానకం పోస్తుంది. ఇది ఎవరి పండుగ అంటే మా ఊరి పండుగ.’

సారు చించిన బొమ్మనే మళ్లీ వేస్తున్నానన్నమాట. ఆ బొమ్మ ఆయన బడిలో, ఆయన పిల్లల చేతుల్లోకి, ఆయన చేతి మీదుగానే పోవాలి. నాకు కావలసింది అదొక్కటే.

బొమ్మ కోసం ఆదివారం ఊరికి పోయాను. మా నాయన చేతికి గొర్రెల కర్ర ఇచ్చాను.

“నాయనా, పీరు ఎత్తుకున్నట్టు రోంత నిలబడు. ఫోటో తీసుకోని బొమ్మేస్తా.”

కర్ర అందుకోబోయినవాడు చేయి వెనక్కి తీసుకున్నాడు. “పొద్దున కోడికూర తిన్యా గదరా.”

“ఇది పీరు గాదు నాయనా. గొర్రెల కర్ర.”

“నిలబడేది పీరు ఎత్తుకున్నట్టే గదా. రేపు తీసుకో. తానం చేసి నిలబడతా.”

“రేపు నాకు డ్యూటీ ఉండాది.”

“అయితే నీ బొమ్మ రేపటిదాకా ఆగుతాది, డ్యూటీ ఆగదు. యాది కావాలో చూసుకో.”

అమ్మ వసారాలో బియ్యం చెరుగుతూ నవ్వింది. “మీ నాయన ఫోటోకు గూడ మడి కట్టుకుంటాడు. నువ్వు గమ్మున రేపు పో.”

మరునాడు ప్రెస్సుకు ఆలస్యంగా పోయాను. పొద్దున్నే మా నాయన తల నుంచి నీళ్లు కారుతుండగా వచ్చి, చెప్పులు విడిచి, కర్రను రొమ్ముకు ఆనించుకుని నిలబడ్డాడు. గోడ అవతలి నుంచి ముజావరు తాత తల పైకి పెట్టి చూశాడు.

“అల్లుడా, పొట్ట లోపలికి తీయి. పీరు కన్నా ముందు అదే కనపడ్తాంది.”

“నీ మాదిరి పస్తులుంటే నాకూ పోతాదిలే మామా.”

“పస్తులు గాదు, రోజాలంటారు. ఇంత వయసొచ్చె, ఇంగా నేర్చుకోకపోతివి.” నా వైపు చూసి, “చెయ్యి ఇంకా పైన పట్టుకోవాల, చెప్పు మీ నాయనకు. గాలి కొడితే పీరు వాలుతాది,” అన్నాడు.

గాలి లేదు, పీరూ లేదు. అయినా మా నాయన చేయి పైకి జరుపుకున్నాడు. ఆ ఫోటో మీదే బొమ్మ వేశాను. పుస్తకం ఏ బడిదో వాళ్లెవరికీ చెప్పలేదు.

ఇక అసలు పని. పిన్ను పుస్తకంలో పేజీలు విడివిడిగా ఉండవు. కాగితాన్ని నడుమకు మడిచి, ఒకదానిలో ఒకటి దూర్చి, మడత మీద పిన్ను కొడతారు. అంటే ప్రతి కాగితానికి ముందు సగం ఒకటి, వెనక సగం ఒకటి ఉంటాయి. పదహారు పేజీల పుస్తకంలో ఒకటికి జోడీ పదహారు. రెండుకు పదిహేను. మూడుకు పద్నాలుగు. ఏ జోడీని కలిపినా పదిహేడే వస్తుంది. వెనక సగాన్ని మొదలంటా పీకేస్తే ముందు సగానికి పిన్ను పట్టు పోతుంది. పుస్తకం తిరగేసేసరికి జారి కింద పడుతుంది.

మూడో పేజీలో సారు ఫోటో. పద్నాలుగో పేజీలో మా నాయన.

ఆయన ఆ పేజీ చించుతాడని నాకు ఎట్లా తెలుసని ఓనరన్న తర్వాత అడిగాడు. ఒకసారి చూసినవాణ్ణి కదా. ఒక అంచు వదిలి బ్లేడుతో కోస్తే ముందు కాగితం నిలుస్తుంది. పని తెలిసినవాడు, నిదానం ఉన్నవాడు అట్లా కోస్తాడు. ఆయన కోసే రకం కాదు, పీకే రకం.

నేను ఏదీ దాచలేదని మాత్రం చెప్పాలి. పదహారు పేజీల ప్రూఫూ ఆయన ముందు పెట్టాను. ఆయన మూడో పేజీ చూసి జుట్టు ఇంకొంచెం నల్లగా చేయమన్నాడు. చేసి తీసుకుపోతే వెనక కర్టెన్ రంగు బాగాలేదన్నాడు. అది మార్చి తీసుకుపోతే, మెడ కింద ముడతలు కనపడుతున్నాయన్నాడు. అవీ తీసేశాను. “మిగతా పేజీలు సార్?” అని అడిగాను. “నువ్వు మన బళ్లో చదివినోనివి గదప్పా, నిన్ను నమ్మకపోతే ఎట్ల?” అని సంతకం పెట్టాడు. పేజీ తిప్పలేదు.

సభ ప్రొద్దుటూరు బడిలో. కట్టలు ముందురోజే చేర్చాం. సభ రోజు పొద్దున మా నాయనను ఊరి నుంచి రమ్మన్నాను. “నా పుస్తకం పంచుతాండారు, రా,” అని మాత్రమే చెప్పాను. బడి గేటు దగ్గర బోర్డు మీద సారు ఫోటో చూసి ఆగాడు. నా వైపు చూశాడు. ఆయనను హాల్లో చివరి వరసలో కూర్చోబెట్టాను. కుర్చీలో. అంతలోనే బడి అటెండరు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు.

“పుస్తకం చేసింది నువ్వేనా అన్నా? సారు ఎగురుతాండాడు. బిన్నా రా, ఆలస్యం చేయొద్దు.”

ఆఫీసు గదిలో ఇద్దరు ఆయమ్మలు నేల మీద కూర్చుని ఉన్నారు. ఒక పక్క తెరవని కట్టలు. ఒక పక్క చించిన కాగితాలు కుప్పగా ఉన్నాయి. అన్నిట్లో మా నాయనే. పొద్దున ఎవరో టీచరు పుస్తకం తిరగేస్తూ పీర్ల పేజీ సారుకు చూపించిందట. ఆయన అక్కడికక్కడే పీకేయమన్నాడట. నేను అడుగు పెట్టేసరికి ఒక ఆయమ్మ పుస్తకం ఎత్తి పట్టుకుని ఉంది.

“సార్, ఈయప్పను పీకితే మీరు గూడ ఊడొస్తాండారు సార్.”

పుస్తకం విదిలించింది. సారు ఫోటో జారి నేల మీద పడింది. ఇంకోటి తీసి విదిలించింది. మళ్లీ ఆయనే పడ్డాడు. రెండో ఆయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సారు నా వైపు తిరిగాడు. “ఏందప్పా ఇది?”

“పిన్ను పుస్తకం సార్. మూడుకు జోడీ పద్నాలుగు.”

“జోడీ సంగతి అడగలా. ఈ పేజీ ఎవురు యేయమన్యారు? రంజాను ఉండాది గదా, మళ్లా పీర్లెందుకు? హిందువు పోయి పీరు మోసేదేంది?”

“మా పక్క మోస్తారు సార్.”

“మోస్తే మోయనీ. చిన్నపిల్లోళ్ల పుస్తకంలో యేస్తారా? ఎవురిది వాళ్లకు అని చెప్పలేదా నీకు?”

“ప్రూఫులో ఉండె సార్. మీరు సంతకం పెట్టినారు.”

ఆయన రుమాలు తీసి నుదురు తుడుచుకున్నాడు. అటెండరు వైపు చూసి, “ఫెవికాల్ తే. నా పేజీ లోపల అతికించండి,” అన్నాడు. ఆయమ్మ ఒక పుస్తకంలో ఆయన ఫోటో పేజీకి అంచున జిగురు పూసి అతికించింది. జిగురు ఎక్కువైంది. పలచటి కాగితం తడికి ముడుచుకుపోయింది. నేను కంప్యూటర్లో ఒక్కొక్కటిగా తీసేసిన ముడతలన్నీ ఆయన మెడ మీదికి, బుగ్గల మీదికి తిరిగి వచ్చాయి. దాన్ని చూస్తూ నిలబడ్డ ఆ నిమిషం కోసం నేను ఐదో తరగతి నుంచి ఎదురుచూశాను. ఎంత తియ్యగా ఉందో రాయడానికి నాకు మాటలు రావు. బ్లేడుతో అంచు వదిలి కోయవచ్చని అప్పుడు చెప్పి ఉండొచ్చు. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

బయట కారు హారన్ వినపడింది. “సార్, గెస్టు వచ్చేసినాడు,” అని ఎవరో కేకేశారు.

“చించనివి ఎన్ని ఉండాయి?”

“శానా కట్టలు ఇప్పనే లేదు సార్,” అంది ఆయమ్మ.

ఆయన నేల మీద పడి ఉన్న తన ముఖాలను చూశాడు. ఆ పక్కనే మా నాయన కుప్పను చూశాడు. లేకుండా పోతే ఇద్దరూ పోవాలి. ఉంటే ఇద్దరూ ఉండాలి. ఆలోచించడానికి ఎక్కువసేపు పట్టలేదు.

“అవే పంచండి,” అన్నాడు. “అట్లే.”

వేదిక మీద ఒక్కొక్క క్లాసు నుంచి పిల్లలు వచ్చారు. సారు తన చేత్తో పుస్తకాలు ఇచ్చాడు. ఫోటోగ్రాఫరు ప్రతిసారీ ఆగమని నవ్వమన్నాడు. సారు ఆగాడు, నవ్వాడు. ప్రతి పుస్తకంలో పద్నాలుగో పేజీ ఉంది. నేను గోడకు ఆనుకుని ఒక్కటీ వదలకుండా చూశాను.

మా నాయనకు ముందు వరసలో బురఖా వేసుకున్న ఒక తల్లి, ఆమె పక్కన మూడో తరగతి పాప. ఆ పాప పుస్తకం తిప్పుతూ పద్నాలుగు దగ్గర ఆగింది. ఎందుకో వెనక్కి తిరిగింది. పేజీ చూసింది, మళ్లీ వెనక్కి చూసింది.

“అమ్మీ! ఈ తాత పుస్తకంలో ఉండాడు!”

“నేను గాదు పాపా,” అన్నాడు మా నాయన కంగారుపడి.

“నువ్వే! మీసం చూడు అమ్మీ, ఇదే మీసం.”

ఆ తల్లి పుస్తకం చేతిలోకి తీసుకుని చూసింది. “మా పుట్టింటి ఊర్లో గూడ ఇట్లే ఎత్తుకుంటారు,” అంది. “ఆడ ఒక ఎద్దులబండి ఆయప్ప ఎత్తుకునేది. మీది ఏ ఊరు అన్నా?” మా నాయన ఊరు చెప్పాడు. పక్క వరసల పిల్లలు కూడా లేచి వచ్చారు. పీరు బరువుంటుందా, నిప్పు కాలదా, పడిపోతే ఏమవుతుంది అని అడుగుతున్నారు. మా నాయన అన్నిటికీ జవాబు చెప్పాడు. చెయ్యి ఎంత పైన పట్టుకోవాలో చూపించాడు. ఈ గోల వేదిక మీది గెస్టు కంట పడింది. ఏమిటని అడిగాడు. ఎవరో చెప్పారు. “ఆయనను పైకి పిలవండి,” అన్నాడు గెస్టు.

మా నాయన మెట్ల దగ్గర చెప్పులు వదిలి పైకి ఎక్కాడు. అలవాటుగా భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. గెస్టు అందరూ చూస్తుండగా ఆయనను తన పక్క కుర్చీలో కూర్చోబెట్టాడు. సారు ఒక పుస్తకం తీసి రెండు చేతులతో ఇచ్చాడు. ఇవ్వక తప్పలేదు.

నేను కూడా వేదిక ఎక్కాను. ఎన్నో ఏళ్లుగా మనసులో దిద్దుకుంటూ వచ్చిన వాక్యం సారు చెవి దగ్గర చెప్పాను. “సార్, మా నాయన. ఏ మంద గొర్రె ఆ మందలోకి పోతాదని జమ్మలమడుగులో ఈయనకు మీరు చెప్పినారు. నా బొమ్మ చించినారు.”

ఆయన నా ముఖంలోకి చూశాడు. వెతికాడు. నిజంగానే వెతికాడు. ఏమీ దొరకలేదు.

“అవునా? ఎప్పుడప్పా?” అన్నాడు.

ఇప్పటికీ నాకు నిద్ర పట్టనివ్వని మాట అది. మా నాయన మధ్యలో కలగజేసుకున్నాడు. “బాగుండారా సామీ,” అన్నాడు. మా నాయనకు అన్నీ గుర్తున్నాయి.

గెస్టు మైకు తీసుకుని, పుస్తకంలో తనకు అన్నిటికన్నా నచ్చింది పీర్ల పేజీ అన్నాడు. ఇట్లాంటి ఆలోచన చేసిన బడిని మెచ్చుకోవాలన్నాడు. సారు లేచి నమస్కారం పెట్టి, “చిన్నప్పటి నుంచే పిల్లలకు చెప్పాలని నా ఉద్దేశం,” అన్నాడు. చప్పట్లు మోగాయి. నేను పళ్లు నూరుకున్న చప్పుడు వాటిలో కలిసిపోయింది.

జమ్మలమడుగు బస్సులో మా నాయనకు అంతా చెప్పాను. మూడు, పద్నాలుగు, జోడీ. పుస్తకం విప్పి చూపించాను. ఆయన పిన్ను మీద వేలు పెట్టి, మడతను అటు ఒకసారి, ఇటు ఒకసారి తిప్పి చూశాడు.

“అంటే ఆయన యాడికి పోయినా నేను ఆయన ఎంబడే.”

“ఆయన్నే నీ ఎంబడి కట్టినా నాయనా.”

“ఏదైతే ఏమిలే. ఆయనొద్దు నాకు. నా పీరును తీసుకుపోయి ఆయన ముఖానికి కడతావా? ఇంగోతూరి ఇట్లా చేయొద్దు.” పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఊరు వచ్చేదాకా కిటికీలోంచి శనగ చేలు చూస్తూ కూర్చున్నాడు.

కొన్నాళ్లకు సారు మళ్లీ ప్రెస్సుకు వచ్చాడు. పులివెందుల బడికి అదే పుస్తకం కావాలట.

“పీర్ల పేజీ ఉండనీ. పేరెంట్స్‌కు బాగా నచ్చినాది,” అన్నాడు ఓనరన్నతో. నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. “నా ఫోటో మాత్రం ఆ పేజీకి తగలకుండా పెట్టప్పా. రెండో పేజీలో పెట్టు. దేనికీ అతుక్కోని పేజీ ఉంటాదా ఏంది?”

“పిన్ను పుస్తకంలో ఉండదు సార్. రెండుకైతే పదిహేను జోడీ.”

“పదిహేనులో ఏముండాది?”

“పిల్లలు రంగులేసుకునే బొమ్మ సార్.”

అది అప్పటికి నిజమే. ఆయన తృప్తిగా వెళ్లిపోయాడు. నేను కంప్యూటర్ ముందు కూర్చున్నాను. మా నాయన బస్సులో చెప్పిన మాట గుర్తుంది. ఆయన మాట వినాలంటే చాలా సులభం, ఉన్నది ఉన్నట్టు వదిలేయాలి. కానీ గెస్టులు మారతారు, పేరెంట్స్ మారతారు. పులివెందులలో ఎవరో ఒకరు ముఖం చిట్లిస్తే చాలు, ఆ రుమాలు చేయి మళ్లీ లేస్తుంది. అప్పుడు పద్నాలుగో పేజీని కాపాడేది ఏముంటుంది? రంగులేసుకునే బొమ్మను పద్నాలుగుకు జరిపాను. మా నాయనను పదిహేనుకు తెచ్చాను. ప్రూఫు పంపాను. సారు రెండో పేజీ చూసి, మెడ దగ్గర బాగుందని సంతకం పెట్టాడు.

కొత్త పుస్తకం ఊరికి తీసుకుపోయాను. మా నాయన దొడ్డి దగ్గర గొర్రెలను లోపలికి తోలుతున్నాడు. కుక్క గేటు పక్కన పడుకుని ఒక కన్ను తెరిచి చూస్తోంది. ఆయన చేతులు తుడుచుకుని పుస్తకం తీసుకున్నాడు. ఈసారి నేను చెప్పనక్కర్లేకపోయింది. వెనక నుంచి తన పేజీ వెతికాడు. వేలు పెట్టి మడత వెంట ముందుకు వచ్చాడు. సారు ముఖం కనపడింది.

“చెప్తి గదరా, నాకు ఆయన్ను కట్టొద్దని.”

“నాయనా, మంద కాడ కుక్కనెందుకు పెట్టుకుంటావు?”

ఆయన పుస్తకం చూశాడు. గేటు పక్కన కుక్కను చూశాడు. మళ్లీ పుస్తకం చూశాడు.

“తప్పురా. సారును అట్లా అనగూడదు,” అన్నాడు గట్టిగా.

అని, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని గొర్రెల వైపు తిరిగాడు. వెనక నుంచి ఆయన భుజాలు కదులుతుండడం నాకు కనపడుతూనే ఉంది.